మిషనమ్మ ముందుగది

ఆ వీధిలో మిషనమ్మ అంటే తెలియనివాళ్లు లేరు. ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం చాలామంది తప్పుగా చెప్పుకునేవాళ్లు. ప్రతి ఆదివారం ఆమె ఇంట్లో ప్రార్థన జరిగేది కాబట్టి ఏదో క్రైస్తవ మిషనుకు సంబంధించిన మనిషి కాబోలని కొత్తవాళ్లు అనుకునేవాళ్లు. ఆమె దగ్గరున్నది కుట్టు మిషను. ఆ ప్రార్థన సంఘం పుట్టడానికి పదేళ్ల ముందే ఆ మిషను ఉంది, దానితోపాటే పేరూ వచ్చింది.

ఆ ఇల్లు ఒకప్పుడు గుడ్డల కొట్టు వాళ్ల గోడౌను. ముందుగది రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. వీధివైపు రెండు కిటికీలు, మధ్యలో ఆరడుగుల కత్తిరింపు బల్ల, గోడ పొడుగునా కొక్కేలకు వేలాడే గౌన్లు, చొక్కాలు, వాటికి కాగితం చీటీలు. మూలన కొలతల బొమ్మ ఒకటి, తల లేకుండా, ఒంటికాలి మీద నిలబడి ఉండేది. వెనక వంటగది. రెంటికీ మధ్య తలుపు లేదు, తెర ఉంది.

మిషనమ్మ ఒక్కతే ఉండేది. ఆమెకు ఒక పాప పుట్టి, నాలుగో ఏట జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. ఆ మరుసటి ఏడాది భర్త పనికని వేరే ఊరు వెళ్లాడు. ఉత్తరాలు మొదట్లో నెలకొకటి వచ్చేవి, తరవాత మూడు నెలలకొకటి, ఆ తరవాత రాలేదు. ఎందుకు రాలేదని ఆమె కనుక్కోలేదు. మనుషుల కొలతలు తీసుకునేటప్పుడు తప్ప ఎవరినీ ఏమీ అడిగే అలవాటు ఆమెకు లేదు.

ఇక సంఘం సంగతి. వీధి చివర రాతి కట్టడంతో పెద్ద చర్చి ఉండేది. ఆ చర్చి గోడ గడియారం పదకొండు నిమిషాలు ఆలస్యంగా నడిచేది. మిషనమ్మ ఇంటికి ఎదురుగా చిన్న కొట్టులో గడియారాలు బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. వారమంతా కంటికి భూతద్దం బిగించుకుని సెకన్లు సరిచేసే మనిషి ఆదివారం పూట పదకొండు నిమిషాల తప్పుకింద కూచుని పాటలు పాడాలంటే ఎలా ఉంటుంది? ఊరికే బాగుచేసి పెడతానని కమిటీని నాలుగుసార్లు అడిగాడు. ఆ గడియారం సంఘపెద్ద గారి నాన్న ఇచ్చింది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని కమిటీ తీర్మానం చేసింది.

ఒక ఆదివారం మేస్త్రీ ఆరాధన మొదట్లోనే లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఆరాధన మొదలై పదకొండు నిమిషాలయింది. మనమే ఇంకా రాలేదు."

"కూచో," అన్నాడు సంఘపెద్ద. "ఆ గడియారం మా నాన్నగారిది."

"గడియారం ఆయనదే గానీ టైము ఆయనది కాదు కదండీ."

అంతే, మేస్త్రీ బయటికి నడిచాడు. భార్య ఆయన వెంట నడిచింది. వాళ్ల వెనక ఆస్పత్రి కాంపౌండరు, లెక్కల టీచరమ్మ, బేకరీ ఆయన, ఆయన భార్య లేచారు. బేకరీ ఆయన తల్లికి చెవుడు. అందరూ లేస్తున్నారు కదా, ఆరాధన అయిపోయిందనుకుని ఆవిడా లేచింది. అలా ఏడుగురయ్యారు.

బయటికొచ్చాక ఎక్కడికెళ్లాలో ఎవరికీ తోచలేదు. మేస్త్రీ కొట్టులో ఒక మనిషి, ఒక స్టూలు పడతాయి, అది కూడా మనిషి స్టూలు మీద కూచుంటేనే. ఇంతలో వాన అందుకుంది. మేస్త్రీ వెళ్లి మిషనమ్మ తలుపు కొట్టాడు.

"అమ్మా, ఈ ఒక్క ఆదివారం మీ ముందుగదిలో ప్రార్థన చేసుకుంటాం. వాన వెలిస్తే వెళ్లిపోతాం."

మిషనమ్మ ఏడుగురినీ పైనుంచి కిందిదాకా చూసింది. ఆమె ఎవరినైనా అలాగే చూసేది, కొలతలు అలవాటయి.

"రండి. చెప్పులు విప్పకండి, నేల మీద సూదులుంటాయి."

దేవుని సన్నిధి కదా అని కాంపౌండరు విప్పాడు. ప్రార్థన మధ్యలో ఆయన పెట్టిన కేకను మిగతావాళ్లు ఆత్మావేశం అనుకుని "ఆమెన్" అన్నారు. బేకరీ ఆయన భార్య అయితే రెండుసార్లు అంది. సూది తీశాక గానీ సంగతి తెలియలేదు.

ఆ వాన మధ్యాహ్నానికి వెలిసింది. సంఘం ఆ గదిలో పంతొమ్మిదేళ్లు ఉంది.

ఎవరూ ఒప్పందం రాసుకోలేదు. మరుసటి శనివారం సాయంత్రం మిషనమ్మ మిషనును గోడవారకి జరిపి, బల్ల మీది సుద్దగీతలు తుడిచి, ఒక అయస్కాంతాన్ని తాడుకు కట్టి నేలంతా లాగింది. పదిహేడు గుండుసూదులు, ఒక విరిగిన సూది దొరికాయి. ఆ తరవాత ప్రతి శనివారం అదే పని. కత్తిరింపు బల్ల మీద తెల్లగుడ్డ పరిస్తే అదే రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు బల్ల. కొలతల బొమ్మకు దుప్పటి కప్పేవాళ్లు. అయినా బేకరీ ఆయన తల్లి వచ్చినప్పుడల్లా దానికి వందనాలు చెప్పేది. చూపు కూడా అంతంతమాత్రమే ఆవిడకి. "ఆ మూలన కూచునే అమ్మాయి బొత్తిగా మాట్లాడదే," అని రెండు మూడుసార్లు బెంగపడింది కూడా.

ప్రార్థన జరుగుతున్నంతసేపూ మిషనమ్మ తెర వెనక వంటగదిలో కూచుని చేతికుట్టు పని చేసుకునేది. కాజాలు, గుండీలు, అంచు మడతలు. మిషను తొక్కితే వాళ్లకు ఇబ్బంది అని ఆ పనులన్నీ ఆదివారానికి అట్టేపెట్టుకునేది. పెద్ద చర్చిలో వాయిద్యాలుండేవి గానీ ఇక్కడ గొంతులే దిక్కు. పాట ఎత్తుకునేది కాంపౌండరు. ఆయనది మంచి మనసు. శ్రుతి సంగతి వేరు. ప్రతి పాటనూ మేడ మీదనుంచి మొదలుపెట్టేవాడు. రెండో చరణానికి ఆడవాళ్లు ఆగిపోయేవాళ్లు, మూడో చరణానికి ఆయనే ఆగిపోయేవాడు.

నాలుగు నెలలు ఓర్చుకుంది మిషనమ్మ. ఐదో నెలలో ఒక ఆదివారం పాట యథాప్రకారం రెండో చరణంలో కూలిపోయింది. గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. అప్పుడు తెర వెనకనుంచి ఒక గొంతు అదే పాటను కింది శ్రుతిలో, మొదటినుంచి, నింపాదిగా ఎత్తుకుంది. కాస్త ఆగి ఏడుగురూ అందుకున్నారు. పాట చివరిదాకా వెళ్లింది. ఈ సంఘంలో ఒక పాట చివరిదాకా వెళ్లడం అదే మొదలు.

మరుసటి వారం మేస్త్రీ పాట నంబరు చెప్పి ఊరుకున్నాడు. కాంపౌండరు నోరు తెరవబోతే ఆయన మోకాలు మీద చెయ్యి వేశాడు. అందరూ తెరవైపు చూశారు. తెర వెనక దారం కొరికిన చప్పుడు వినిపించింది, తరవాత పాట వినిపించింది. అదే పద్ధతి అయిపోయింది.

మేస్త్రీని అప్పటికి అందరూ పాస్టరు గారూ అనడం మొదలుపెట్టారు. చదువుకున్న పాస్టరు ఎవరూ ఏడుగురి కోసం రారు కదా. మిషనమ్మ ఒక్కతే ఆయన్ని చివరిదాకా మేస్త్రీ గారూ అనే పిలిచింది. ఆయన వాక్యం బాగానే చెప్పేవాడు గానీ ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. పదకొండు నిమిషాల కోసం చర్చి వదిలొచ్చిన మనిషి వదిలేస్తే గంటన్నర మాట్లాడేవాడు. నలభై నిమిషాలు దాటగానే మిషనమ్మ తెర వెనక ఇస్త్రీపెట్టెను ఠప్పుమని కింద పెట్టేది. ఆయన ఉలిక్కిపడి, "చివరిగా ఒక్క మాట," అనేవాడు. రెండో ఠప్పుకు ఆపేసేవాడు.

ఒకరోజు చొక్కా కాలరు మార్పించుకోవడానికి వచ్చి అడిగాడాయన.

"ఇన్ని పాటలు వచ్చు, వాక్యమూ వింటున్నారు. ఇవతలికి వచ్చి మాతో కూచోవచ్చు కదమ్మా?"

"కూచోను."

"ఎందుకని?"

మిషనమ్మ కాలరు విప్పుతూ తల ఎత్తలేదు. "మా పాప పోయినప్పుడు ఒకాయన వచ్చి అంతా దేవుడి ఇష్టం అన్నాడు. సరే, ఆయన ఇష్టం ఆయనది. ఆ రోజునుంచీ ఆ దేవుడికీ నాకూ మాటల్లేవు."

ఎప్పుడూ ఏదో ఒక వాక్యం చెప్పే మేస్త్రీ ఆ రోజు వాక్యం జోలికి పోలేదు.

"మాటల్లేకపోతే మరి పాటలు?" అన్నాడు.

"అవి ఆయన కోసం కాదు, నా కోసం. మీరు పాడుతుంటే నాకు కుట్టు తప్పుతోంది."

"గది ఇచ్చారుగా మరి?"

"వానొచ్చింది, ఇచ్చాను. కాలరు గురువారానికి అవుతుంది."

సంఘం మెల్లగా పెరిగింది. అందులో మిషను పాత్ర తక్కువేం కాదు. ఒకాయన ఆదివారం పొద్దున ప్యాంటు కోసం వచ్చాడు. ప్రార్థన అయ్యేదాకా ఆగమంది మిషనమ్మ. ఆగాడు. మరుసటి వారం ప్యాంటు లేకపోయినా వచ్చాడు. ఆరు నెలలకు బాప్తిస్మం తీసుకున్నాడు. ప్యాంటు మాత్రం తీసుకెళ్లలేదు. అది చీటీతో సహా కొక్కేనికి రెండేళ్లు వేలాడింది. కొలతలివ్వడానికొచ్చిన వాళ్లలో అలా కూచున్నవాళ్లు కొందరు, వాళ్ల చుట్టాలు కొందరు, పెద్ద చర్చిలో ఇంకో విషయం మీద అలిగి వచ్చినవాళ్లు కొందరు. పదిహేనో ఏటికి నలభైమంది అయ్యారు. కిటికీల్లో కూడా మనుషులు కూచునేవాళ్లు.

పంతొమ్మిదో ఏట బడి వెనక చిన్న జాగా దొరికి సొంత చర్చి కట్టుకున్నారు. రేకుల కప్పు, ఎనిమిది బెంచీలు, పక్కన సామాన్లు పెట్టుకునే అర. వెళ్లిపోయే ఆదివారం లెక్కల టీచరమ్మ కృతజ్ఞతలు చదివింది. మేస్త్రీ తన చేత్తో బాగుచేసిన ఒక గోడ గడియారాన్ని మిషనమ్మకు ఇచ్చాడు. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, "నడుస్తోంది," అంది. మనుషులు కుర్చీలు మోసుకుంటూ వెళ్లిపోయారు.

మరుసటి శనివారం సాయంత్రం ఆమె మిషనును గోడవారకి జరిపి, బల్ల తుడిచి, అయస్కాంతం లాగింది. అంతా అయ్యాక, ఎవరూ రారని గుర్తొచ్చింది. మిషనును మళ్లీ యథాస్థానానికి లాగింది. ఆదివారం పొద్దున, ఇకనుంచి ఆదివారం కూడా మిషను తొక్కవచ్చు కదా అనుకుని కూచుంది. ఒక గౌనుకు చేతులు కుట్టింది. రెండూ ఎడమచేతులే కుట్టానని మధ్యాహ్నానికి తెలుసుకుంది.

కొత్త చర్చిలో పరిస్థితి అంతకన్నా అధ్వాన్నం. మేస్త్రీ పాట నంబరు చెప్పాడు. నలభైమంది అలవాటుగా పక్కకు చూశారు. పక్కన గోడ ఉంది. కొంతసేపటికి కాంపౌండరు తెగించి ఎత్తుకున్నాడు. పంతొమ్మిదేళ్ల విరామంలో ఆయన శ్రుతి ఇంకా పైకి వెళ్లింది తప్ప దిగలేదు. రెండో వారమూ అంతే. రేకుల కప్పు కింద అది మరీ మోగింది.

మూడో వారం మేస్త్రీ ఒక ప్యాంటు పట్టుకుని మిషనమ్మ దగ్గరికి వచ్చాడు.

"నడుము వదులైందమ్మా."

ఆమె టేపు వేసి చూసింది. "నడుము సరిగ్గానే ఉంది. అసలు సంగతి చెప్పండి."

"పాటలు నడవడం లేదు."

"విన్నాను. నాలుగు వీధుల అవతలకి వినిపిస్తోంది."

"రండి మరి."

"లోపలికి రాను మేస్త్రీ గారూ. చెప్పాను కదా."

"లోపలికి వద్దు. సామాన్ల అర ఉంది. తలుపు తీసేసి తెర కట్టాను."

మిషనమ్మ ప్యాంటు మడిచి ఆయన చేతికిచ్చింది. మరుసటి ఆదివారం పొద్దున వెనక దారిన వెళ్లి అర చూసింది. తెరకు అంచు సరిగా మడవలేదు, దారాలు వేలాడుతున్నాయి. ఎవరు కుట్టారని అడిగితే పాస్టరమ్మ, అంటే మేస్త్రీ భార్య, "నేనే అక్కా," అంది సిగ్గుపడుతూ. మిషనమ్మ తెర విప్పి ఒళ్లో వేసుకుని అంచు విప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు తెర లేకుండానే ఆరాధన జరిగింది. అరలో కుర్చీ గోడవైపు తిప్పుకుని కూచుని పాటలు ఎత్తుకుంది. ఆ తరవాతివారం నుంచి తెర ఉంది.

అలా ఇంకో ఆరేళ్లు గడిచాయి. సంఘానికి పాతికేళ్లు నిండుతున్నాయని చరిత్ర రాయాలని తీర్మానించారు. రాసే పని లెక్కల టీచరమ్మ మీద పడింది. రిటైరయింది, తీరిక ఉంది, దస్తూరి బాగుంటుంది. ఆవిడ మొదటి పేజీలోనే "సిద్ధాంత విభేదాల కారణంగా ఏడుగురు విశ్వాసులు వేరుపడిరి" అని రాసింది. గది ఎవరిదో సరిగా రాయాలి కదా అని చిత్తుప్రతిని మిషనమ్మకు తెచ్చి చూపించింది.

"సిద్ధాంతం ఏంటి?" అంది మిషనమ్మ. "పదకొండు నిమిషాలు కదా."

"పుస్తకంలో అలా రాస్తే బాగోదు వదినా."

"ఏడుగురు విశ్వాసులు కూడా కాదు. ఆరుగురు. ఆ పెద్దావిడ అయిపోయిందనుకుని వచ్చేసింది."

లెక్కల టీచరమ్మ చాలా నిజాయితీ గల మనిషి, పైగా లెక్క తప్పితే నిద్రపట్టదు. సిద్ధాంతాన్ని అలాగే ఉంచి, అంకె కింద చిన్న అక్షరాల్లో వివరణ రాసింది.

అసలు చిక్కు చివరి పేజీ దగ్గర వచ్చింది. అక్కడ సభ్యుల పట్టిక. మిషనమ్మను అందులో వేయాలా వద్దా? దీని మీద కమిటీ మూడుసార్లు కూచుంది. బాప్తిస్మం లేదు కాబట్టి సభ్యురాలు కాదని బేకరీ ఆయన అన్నాడు. పాతికేళ్లలో సంఘంలో అందరికంటే ఎక్కువ ఆదివారాలు హాజరైంది ఆవిడేనని, తానే ఒకసారి మెట్లమీద జారిపడి రెండు నెలలు రాలేదని, లెక్క ఉందని టీచరమ్మ అంది. వచ్చింది సంఘంలోకి కాదు, సామాన్ల అరలోకి అన్నాడు బేకరీ ఆయన. అరకి కప్పు ఎవరిదండీ అంది టీచరమ్మ. చివరికి మిషనమ్మనే అడగమని మేస్త్రీని పంపించారు.

"నన్నెక్కడా వేయకండి," అందామె. "అడిగారు కాబట్టి ఒకటి చెప్తున్నా. ఆ బొమ్మకి దుప్పటి కప్పారని రాశారు. అది దుప్పటి కాదు, కర్టెను గుడ్డ."

దుప్పటిని సరిచేశారు. పుస్తకం నూరు ప్రతులు వేశారు. ఇప్పటికీ అరలో అరవై ఉన్నాయి.

ఆ మరుసటి ఏడాది మేస్త్రీ పోయాడు. కొట్టులో స్టూలు మీదే, మధ్యాహ్నం పూట, ఎవరిదో చేతిగడియారం విప్పి ముందు పెట్టుకుని ఉండగా గుండె ఆగిపోయింది. ఎదురింటి కిటికీలోంచి మొదట చూసింది మిషనమ్మే. తల వాల్చి పనిచేసుకుంటున్నాడనుకుంది. ఒక చొక్కా పూర్తిచేసి మళ్లీ చూసినా అలాగే ఉన్నాడు. వీధి దాటి వెళ్లి ఆయన కంటి మీదినుంచి భూతద్దం తీసి బల్ల మీద పెట్టి, పాస్టరమ్మకు కబురు పంపింది.

సమాధి ఆరాధన నడిపించడానికి వేరే పాస్టరు లేక పెద్ద చర్చి పాస్టరును పిలిచారు. కుర్రాయన, పాత గొడవ తెలియదు. చర్చి నిండిపోయి బయట కూడా జనం నిలబడ్డారు. పాట నంబరు చెప్పాడాయన. తెర వెనకనుంచి పాట రాలేదు. ఆయన మళ్లీ చెప్పాడు. రాలేదు. కొత్త పాస్టరు ఏమీ అర్థంకాక పుస్తకం తిరగేశాడు.

పాస్టరమ్మ ముందు బెంచీలోంచి లేచింది. అరలోకి వెళ్లి తెర పక్కకు జరిపింది. మిషనమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూచుని ఉంది. ఆ రోజు కుట్టుపని ఏదీ తెచ్చుకోలేదు.

"గొంతు రావట్లేదు," అంది.

"నాకూ రావట్లేదక్కా. నా పక్కన కూచో, వచ్చినంతే పాడదాం."

మిషనమ్మ లేచింది. అందరూ చూస్తుండగా పాస్టరమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లి ముందు బెంచీలో కూచుంది. ఎదురుగా ఉన్న శవపెట్టె వైపు చూస్తూ పాట అందుకుంది. గొంతు బొంగురుపోయింది, శ్రుతి కాస్త కిందికి కూడా దిగిందని తరవాత టీచరమ్మ అంది. అంత కింద పాడటం మగవాళ్లకు కూడా కష్టమైంది. అయినా ఎవరూ ఆపలేదు.

అన్నీ అయ్యాక, జనం వెళ్లిపోయాక, ఇద్దరు ఆడవాళ్లూ పాస్టరమ్మ వంటింట్లో కూచున్నారు. పాస్టరమ్మ టీ పెట్టింది. మేస్త్రీ చివరి రోజు పొద్దున తనతో ఏమన్నాడో పాస్టరమ్మ చెప్పింది. ఏమంత గొప్ప మాట కాదు, సాయంత్రం వచ్చేటప్పుడు బ్రెడ్డు తెస్తానన్నాడు. అది చెప్పి కళ్లు తుడుచుకుంది.

అప్పుడు మిషనమ్మ, ఎవరూ అడగకుండానే, తన పాప గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఆదివారం కలుస్తున్నా ఆ సంగతులు పాస్టరమ్మ ఎప్పుడూ వినలేదు. పాపది ఎడమచేతి వాటం. పెద్ద కత్తెర దొరికితే చాలు, కాగితాలన్నీ చేపల్లా కత్తిరించి కిటికీ ఊచలకు గుచ్చేది. లాక్కుంటే ఏడ్చేది కాదు, తల్లి ఎక్కడ దాచిందో చూసి పెట్టుకుని తరవాత తీసుకునేది. మిషను తొక్కుతుంటే పెడలు మీద తన కాలు కూడా పెట్టి, తనే కుట్టానని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

"ఏ పాట పాడితే పడుకునేది?" అంది పాస్టరమ్మ.

"పడుకునేది కాదు. నాకే నిద్రొచ్చేది."

పాస్టరమ్మ నవ్వింది. మిషనమ్మ కూడా నవ్వింది. టీ చల్లారిపోయింది, మళ్లీ వెచ్చబెట్టారు. వెలుతురు తగ్గేదాకా చెబుతూనే ఉంది. తరవాత లేచి, సోమవారానికి రెండు యూనిఫాంలు ఇవ్వాలి, కాజాలు ఇంకా మిగిలే ఉన్నాయని చెప్పి ఇంటికి వెళ్లింది.